బడే గులాం అలీ ఖాన్: మూడు నిమిషాల రికార్డు, రాత్రంతా సాగిన కచేరీ

హిందూస్తానీ సంగీతం వినేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీలు కొన్ని ఉంటాయి. భైరవిలో 'ఆయే న బాలం' అనే ఠుమ్రీ ఏ రికార్డింగులో గొప్పగా ఉందన్నది అలాంటి వాటిలో ఒకటి. ఒకరు పాత 78 ఆర్‌పీఎం రికార్డుకే ఓటేస్తారు. ఆ మూడు నిమిషాల్లో ఒక్క స్వరం కూడా వృథా కాలేదంటారు. ఇంకొకరు ఎవరింట్లోనో జరిగిన మెహఫిల్‌లో స్పూల్ టేపు మీద పట్టిన పాటను ముందుకు తెస్తారు. వెనక ఎవరో దగ్గుతుంటారు, తబలా మరీ గట్టిగా వినిపిస్తుంటుంది, మధ్యలో టేపు అయిపోతుంది. అయినా అదే అసలైనదని వాళ్ల వాదన. మూడో మనిషి రేడియో రికార్డింగు సంగతి ఎత్తుతారు. పాట ఒకటే, పాడిందీ ఒకరే: ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్.

ఈ వాదన ఉబుసుపోక చేసేది కాదు. ఆయన ఖయాల్ గాయకుల్లో మొదటి వరుసలో నిలబడతారా, లేక ఠుమ్రీని అద్భుతంగా పాడిన మనిషిగా మిగిలిపోతారా అన్న తీర్పు, వినేవాళ్ల చేతిలో ఏ రికార్డింగు ఉందన్న దాని మీదే ఆధారపడింది. కచేరీల్లో ఆయన్ను స్వయంగా విన్న తరం దాదాపు వెళ్లిపోయింది. ఇక సాక్ష్యమంటే లక్క పళ్లేలూ అయస్కాంత టేపులే.

ఆయన 1902లో కసూర్‌లో పుట్టారు. లాహోర్‌కు దక్షిణాన, ఇప్పటి సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరది. సూఫీ కవి బుల్లే షా సమాధి ఉన్నది అక్కడే. గాయని నూర్జహాన్ సొంతూరూ అదే. తండ్రి అలీ బక్ష్ ఖాన్, పినతండ్రి కాలే ఖాన్ ఇద్దరూ గాయకులే. పటియాలా ఘరానా పద్ధతిని చిన్ననాడే పినతండ్రి దగ్గర నేర్చుకున్నారు, తర్వాత తండ్రి దగ్గర సాధన కొనసాగించారు. తొలి రోజుల్లో బతుకుతెరువు కోసం సారంగీ కూడా వాయించారు. సారంగీ వాయించేవాళ్లను ఆ కాలపు సంగీత సమాజం చిన్నచూపు చూసేది. కానీ ఆ వాద్యం చేతిలో ఉండటం ఆయన గొంతుకు మేలే చేసిందని చాలామంది అనుకుంటారు. సారంగీ కమాను తెగకుండా జారినట్టే ఆయన గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది.

మనిషి భారీకాయం, పెద్ద మీసాలు, ఒళ్లో స్వరమండల్. ఫొటోల్లో చూస్తే పహిల్వాన్ అనుకుంటారు. పాట మొదలయ్యాక వినిపించే గొంతుకు ఆ ఆకారంతో పొంతనే ఉండదు. మూడు స్థాయిల్లోనూ అలవోకగా తిరుగుతుంది, తారస్థాయిలో కూడా మెత్తగానే ఉంటుంది. గొంతు నొక్కి పెట్టడం, ముఖం బిగించి తానాలు విసరడం ఉండవు. కర్ణాటక సంగీతం విని పెరిగిన తెలుగువాళ్లకు ఆయన్ను పరిచయం చేయాలంటే మాల్కౌంస్ మంచి దారి. అది మన హిందోళమే. అవే అయిదు స్వరాలతో ఆయన కట్టిన మేడను వింటే రెండు సంప్రదాయాల తేడా వివరణ లేకుండానే అర్థమవుతుంది. దక్షిణాది విద్వాంసుల్లోనూ ఆయనకు అభిమానులున్నారు. జి.ఎన్.బాలసుబ్రహ్మణ్యం వారిలో ముఖ్యులు.

లాహోర్, పంజాబ్ దాటి దేశమంతా ఆయన పేరు మోగడానికి 1944 నాటి బొంబాయి సమావేశం కారణమంటారు. విక్రమ శకం రెండు వేల ఏళ్లు నిండిన సందర్భంగా అక్కడ జరిగిన విక్రమాదిత్య సంగీత పరిషత్‌కు పెద్ద పెద్ద ఉస్తాదులు వచ్చారు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. ఆ తర్వాత బొంబాయి, కలకత్తా సమావేశాల్లో ఆయన లేని ఏడాది వెలితిగా అనిపించే స్థితి వచ్చింది.

రికార్డుల కథ ఇక్కడే మొదలవుతుంది. ఆ రోజుల్లో రికార్డంటే లక్కతో చేసిన పళ్లెం. పది అంగుళాల పళ్లెంలో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే. గంటన్నర పాడాల్సిన ఖయాల్‌ను అందులో ఇమడ్చాలి. చాలామంది ఉస్తాదులకు ఇది శిక్షే అయింది. విలంబిత్ పూర్తిగా వదిలేసి ద్రుత్ మాత్రమే పాడేవాళ్లు కొందరు. ఆలాపన, బందిశ్, తానాలు అన్నీ తొందర తొందరగా కుక్కేసేవాళ్లు ఇంకొందరు. అసలు రికార్డులే వద్దన్నవాళ్లూ ఉన్నారు. గులాం అలీ ఖాన్ మాత్రం ఆ చిన్న పళ్లెంతో రాజీ పడినట్టు కాక, దాన్ని తనకు తగిన కొలతగా మలచుకున్నట్టు వినిపిస్తారు. మొదటి పలుకులోనే రాగం ముఖం చూపిస్తారు. మూడు నాలుగు మలుపుల్లో దాని స్వభావం చెబుతారు. సూది చివరి గాడికి చేరేలోపు ఎక్కడా హడావుడి లేకుండా సమ్ మీదకు వచ్చి ఆగుతారు. గుజరీ తోడి అయినా, అడాణా అయినా ఇదే పద్ధతి.

ఆయన నమ్మకం కూడా దీనికి కలిసొచ్చింది. సంగీతంలో తీరిగ్గా సాగే విస్తారానికి ఉన్న అందం ఆయనకు తెలియక కాదు. కానీ టికెట్టు కొనుక్కుని వచ్చిన వేలమంది ముందు సుదీర్ఘ ఆలాపన చేస్తే వాళ్లకు విసుగొస్తుందని, వాళ్లకు చేరేలా పాటను కుదించడంలో తప్పు లేదని ఆయన అనుకునేవారు. రాజాస్థానాలు పోయి టికెట్టు కచేరీలు వచ్చిన కాలం అది. ఆస్థానంలో వినేది ఒక రాజు, అతని చుట్టూ పాతికమంది. సమావేశం పందిట్లో వినేది గుమాస్తాలు, వకీళ్లు, కాలేజీ కుర్రాళ్లు. ఆ మార్పును ఆయన చాలామంది కంటే ముందే పసిగట్టారు.

ఆయన్ను తక్కువ చేసి మాట్లాడేవాళ్లు పట్టుకునేదీ దీన్నే. ఆయన సమకాలికుడు ఉస్తాద్ అమీర్ ఖాన్ దీనికి పూర్తిగా ఎదురు దారి. అతి నెమ్మదైన లయలో ఒక్కో స్వరాన్నే తడుముతూ లోపలికి దిగిపోయే గానం అమీర్ ఖాన్‌ది. ఒక వైపు మార్వా, మరో వైపు దర్బారీ ఉన్న ఆయన ఎల్పీ రికార్డు హిందూస్తానీ వినేవాళ్ల ఇళ్లలో దాదాపు పూజగదికెక్కింది. ఎల్పీలో ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. అమీర్ ఖాన్ శైలికి ఆ యంత్రం సరైన సమయానికి వచ్చింది. గులాం అలీ ఖాన్ కీర్తి ప్రధానంగా నిలబడింది అంతకు ముందు యంత్రం మీద. ఇద్దరినీ పోల్చేవాళ్లు ఒకరిని పొడుగు రికార్డులోనూ, ఇంకొకరిని పొట్టి రికార్డులోనూ విని తీర్పు చెబుతుంటారు. ఇది న్యాయమైన తూకం కాదు.

తూకం సరిచేసేవి ప్రైవేటు టేపులు. 1950ల్లో బొంబాయి, కలకత్తాల్లోని కొందరు ధనికుల ఇళ్లకు స్పూల్ టేపు రికార్డర్లు వచ్చాయి. ఆ ఇళ్ల బైఠకుల్లో ఆయన పాడినదాన్ని గంటల తరబడి పట్టి ఉంచారు. ఆ టేపులు విన్నవాళ్లకు ఇంకో గులాం అలీ ఖాన్ కనిపిస్తారు. దర్బారీనో, జయజయవంతినో ఎత్తుకుని తీరుబడిగా మెట్టు మెట్టుగా పైకెక్కుతారు. పాట ఆపి రాగం గురించి మాట్లాడతారు. ఒకే స్వరాన్ని నాలుగు రకాలుగా పలికి చూపిస్తారు. వింటున్నవాళ్లు ఆహా అన్నప్పుడు నవ్వి మళ్లీ అదే చోటికి వెళ్తారు. వేలమంది కోసం కుదించిన పాటను ఇరవై మంది ముందు ఆయన విప్పేవారు. ఆయన పెద్ద సభల్లో కుదించి పాడింది చేతకాక కాదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. టేపులన్నీ విన్నాక కూడా 78 రికార్డే గొప్పదనే పక్షం తగ్గలేదు. కుదించడమే ఆయన అసలు కళ అని వాళ్లంటారు. ఆ మాటనూ కొట్టిపారేయలేం.

ఠుమ్రీ విషయంలో పోలిక ఇంకా రసవత్తరం, ఎందుకంటే ఇక్కడ పోటీ ఇంట్లోనే ఉంది. బనారస్, లక్నో వైపు పూరబ్ ఠుమ్రీలో ఒక్క మాటను పట్టుకుని దాని అర్థాల్ని ఒక్కొక్కటిగా, నెమ్మదిగా విప్పుతారు. పంజాబ్ వాళ్ల ఠుమ్రీలో జానపదం, పహాడీ వరసలు, టప్పాలోని చురుకైన మెలికలు కలుస్తాయి. ఈ పంజాబీ పద్ధతిని దేశమంతా మెచ్చేలా చేసింది బడే గులాం అలీ ఖాన్. కానీ తమ్ముడు బర్కత్ అలీ ఖాన్ ఠుమ్రీ, దాద్రా, గజల్ ఇంకా లోతుగా పాడారని వాదించే శ్రోతలు తక్కువేమీ లేరు. అన్న గొంతులో మెరుపు, తమ్ముడి గొంతులో దిగులు అని వాళ్ల లెక్క. బర్కత్ అలీ రికార్డులు కొద్దిగానే దొరుకుతాయి. వాటి చుట్టూ అల్లుకున్న ఆరాధనకు ఆ కొరత కూడా కొంత కారణం కావచ్చు.

అన్నదమ్ముల మధ్య సరిహద్దు వచ్చింది. 1947లో కసూర్, లాహోర్ పాకిస్తాన్‌లోకి వెళ్లాయి. బర్కత్ అలీ లాహోర్‌లోనే ఉండిపోయి 1960ల మొదట్లో అక్కడే కన్నుమూశారు. బడే గులాం అలీ ఖాన్ మొదట పాకిస్తాన్‌లోనే ఉన్నారు. కానీ ఆయన్ను పోషించిన సంగీత సమావేశాలు, పెద్ద శ్రోతల గుంపులు బొంబాయి, కలకత్తాల్లో ఉన్నాయి. కొత్త దేశంలో రాగ సంగీతానికి చోటెంత అన్నది ఇంకా తేలలేదు. అదే కాలంలో కిరానా గాయని రోషనారా బేగం దీనికి తలకిందులుగా బొంబాయి వదిలి పాకిస్తాన్‌కు వెళ్లి లాలామూసా అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డారు. ఎవరి నిర్ణయానికి ఎంత మూల్యమో వాళ్ల రికార్డింగుల సంఖ్యే కొంతవరకు చెబుతుంది.

చివరికి 1957లో మొరార్జీ దేశాయ్ చొరవతో ఆయనకు భారత పౌరసత్వం వచ్చింది. బొంబాయి మలబార్ హిల్‌లో ఒక బంగళా కూడా ఇచ్చారు. విభజన జరిగిన పదేళ్లకు ఒక ముస్లిం ఉస్తాద్ పాకిస్తాన్ నుంచి వచ్చి భారత పౌరుడు కావడం, అందుకు ఒక కాంగ్రెస్ పెద్ద పూనుకోవడం ఇవాళ్టి వాతావరణంలో చదివితే వేరే దేశం కథలా ఉంటుంది. 1962లో పద్మభూషణ్, అదే ఏడాది సంగీత నాటక అకాడమీ పురస్కారం అందాయి. పహాడీలో ఆయన పాడిన 'హరి ఓం తత్సత్' భజన అప్పటికే ఊరూరా రేడియోల్లో మోగుతోంది. సబ్‌రంగ్ అనే కలం పేరుతో ఆయన కట్టిన బందిశ్‌లను వేరే ఘరానాల గాయకులు కూడా పాడటం మొదలుపెట్టారు.

సినిమాల వైపు ఆయన మొగ్గలేదు. కె.ఆసిఫ్ 'మొఘల్-ఎ-ఆజం' తీస్తూ తాన్‌సేన్ గొంతుకు ఆయనే కావాలని పట్టుబట్టారు. సంగీత దర్శకుడు నౌషాద్‌ను వెంటబెట్టుకుని వెళ్లి అడిగారు. వదిలించుకోవడానికి ఉస్తాద్ పాటకు 25,000 రూపాయలు అడిగారన్నది ప్రసిద్ధమైన ముచ్చట. పేరున్న సినీ గాయకులు అప్పట్లో పాటకు 500 లోపే తీసుకునేవారని చెబుతారు. ఆసిఫ్ వెనకాడకుండా ఒప్పుకున్నారు. అలా సోహ్నీలో ఒకటి, రాగేశ్రీలో ఒకటి, రెండు పాటలు వచ్చాయి. 1960లో సినిమా విడుదలయ్యాక సోహ్నీ అనే రాగం పేరు కూడా వినని కోట్లమంది సలీం, అనార్కలీల ఏకాంత దృశ్యంలో దాన్ని విన్నారు. చిత్రమేమిటంటే ఈ రెండు పాటల్ని పట్టించుకోని శాస్త్రీయ శ్రోతలు ఉన్నారు, ఆయన పాడిన వేరే ఏదీ వినని సినిమా శ్రోతలూ ఉన్నారు. ఇద్దరూ ఒకే సోహ్నీ గురించి మాట్లాడుకోగలిగితే బాగుండేది. 78 రికార్డు మీద మూడు నిమిషాల్లో ఆయన చేసిన పనికీ, ఈ సినిమా పాటలో చేసిన పనికీ పెద్ద తేడా లేదు.

చివరి ఏళ్లలో పక్షవాతం వచ్చింది. శరీరం సగం సహకరించకపోయినా పాట ఆపలేదు. కొడుకు మునవ్వర్ అలీ ఖాన్ పక్కన కూర్చుని ఊతమిచ్చేవారు. ఈ కాలపు రికార్డింగులు వినడానికి కొంత ధైర్యం కావాలి. శ్వాస తగ్గింది, వేగం తగ్గింది. అయితే మునవ్వర్ గొంతు పాట మోస్తుండగా తండ్రి ఒక్క స్వరం దగ్గర అందుకుని దాన్ని నిలబెట్టే చోట్లు ఉంటాయి. అవి వినడానికే ఆ టేపులు దాచుకునేవాళ్లు ఉన్నారు.

ఆయన ఆఖరి మజిలీ హైదరాబాద్. అక్కడ పైగా నవాబుల బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో ఉంటూ 1968 ఏప్రిల్‌లో 66 ఏళ్ల వయసులో మరణించారు. పాతబస్తీలో దాయిరా మీర్ మోమిన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. గోల్కొండ పేష్వా మీర్ మోమిన్ పేరు మీదున్న ఆ నేలలోనే సాలార్‌జంగ్ వంశస్థుల సమాధులూ ఉన్నాయి. కసూర్‌లో పుట్టిన మనిషి దక్కన్ మట్టిలో కలిశారు. బషీర్‌బాగ్ ప్యాలెస్ తర్వాత నేలమట్టమైంది. ఆ చుట్టుపక్కల దుకాణ సముదాయాలు లేచాయి. అక్కడి ప్రధాన రహదారికి ఆయన పేరు పెట్టారు. రోజూ ఆ దారిన వెళ్లేవాళ్లలో ఎక్కువమంది దాన్ని బషీర్‌బాగ్ అనే అంటారు.

ఆయన పోయాక పాట రెండు దేశాల్లోనూ సాగింది. ఆయన పేరే పెట్టుకున్న గజల్ గాయకుడు గులాం అలీ పాకిస్తాన్‌లో ఆ ఇంటి అన్నదమ్ముల దగ్గర నేర్చుకున్నవారే. బెంగాలీ గాయని సంధ్యా ముఖర్జీ ఆయన శిష్యురాలు. అజయ్ చక్రవర్తి మునవ్వర్ దగ్గర నేర్చుకున్నారు. ఎల్పీలు, ఆ తర్వాత క్యాసెట్లు, సీడీలు వచ్చాయి. ప్రతి కొత్త యంత్రంతోనూ పాత రికార్డింగులు కొత్తగా బయటికొచ్చాయి. వాటితోపాటు కొత్త తప్పులూ వచ్చాయి. టేపు వేగం కాస్త పెరిగితే శ్రుతి పెరుగుతుంది, గొంతు సన్నబడుతుంది, తానాలు లేనిపోని వేగంతో పరుగెడతాయి. 78 రికార్డులన్నీ కచ్చితంగా 78 వేగంతోనే ముద్రించినవి కావు. అందుకే శ్రద్ధ ఉన్న శ్రోతలు ముందు శ్రుతి చూస్తారు. అదే కాలానికి చెందిన, వేగం సరైనదని తెలిసిన ఇంకో రికార్డింగు పక్కన పెట్టి సరిచూస్తారు. అట్ట మీద అచ్చయిన రాగం పేరును గుడ్డిగా నమ్మరు. ఈ పనంతా జీతం లేకుండా చేసేవాళ్లే భారత్‌లోనూ పాకిస్తాన్‌లోనూ ఈ సంగీతాన్ని బతికించారు. కరాచీలో లుత్ఫుల్లా ఖాన్ అనే అభిమాని 1951లో టేపు రికార్డర్ కొన్న నాటి నుంచి గాయకులు, కవుల గొంతుల్ని జీవితాంతం పోగేశారు. ఆయన పుట్టిందీ పెరిగిందీ మద్రాసులో. ముంబైలో పాత రికార్డుల సేకర్తలు కలిసి ఒక సంఘమే పెట్టుకుని ఎవరి దగ్గర ఏముందో జాబితాలు తయారు చేశారు.

చట్టం కూడా ఇప్పుడు కొంత దారి వదిలింది. భారత కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు రక్షణ అది విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్ల వరకే. అంటే ఆయన బతికుండగా వచ్చిన 78 రికార్డుల్లో దాదాపు అన్నీ ఎవరైనా స్వేచ్ఛగా పంచుకోవచ్చు. ప్రైవేటు టేపుల సంగతి వేరు. అవి ఎప్పుడూ విడుదల కాలేదు. వాటి హక్కులు ఎవరివో చాలాసార్లు వాటి యజమానులకే స్పష్టంగా తెలియదు. ఆ భయంతోనో, అపురూపమైనది తమ ఒక్కరి దగ్గరే ఉందన్న గర్వంతోనో చాలామంది బయటపెట్టరు. ఈలోగా అయస్కాంత పూత రాలిపోతుంది. అసిటేట్ టేపు అయితే వెనిగర్ వాసన వేసి ముడుచుకుపోతుంది. డబ్బా మీద రాగం పేరు తప్ప ఏ ఊరు, ఏ ఏడు అన్న రాత ఉండదు. ఇల్లు అమ్మేటప్పుడు పిల్లలు వాటిని తూకానికి వేసేస్తారు.